రంగం పాకం

మా అమ్మమ్మ అరిసెల పాకానికి రెండు పేర్లు చెప్పేది. ఒకటి ఇంటి పాకం, ఇంకోటి రంగం పాకం. నీళ్ల గిన్నెలో చుక్క వేస్తే మెత్తగా ఉండ కట్టేది ఇంటి పాకం. ఇంకో నిమిషం పొయ్యి మీదే ఉంచి, వేళ్ల మధ్య నొక్కినా ఉండ అణగకుండా ఉంటే అది రంగం పాకం. ఇంట్లో తినడానికి మొదటిది, ఊరు దాటి వెళ్లాల్సిన వాటికి రెండోది. నా పెళ్లయ్యాక అత్తగారింటికి పంపిన సారె అరిసెలు కూడా రంగం పాకమే. మా అత్తగారు ఒకటి కొరికి, "మీ ఊళ్లో అరిసెలు రాతితో చేస్తారా అమ్మా?" అన్నారు. ముప్ఫై అయిదేళ్లయినా ఆ మాట నాకూ మర్చిపోబుద్ధి కాలేదు, ఆవిడకీ మానబుద్ధి కాలేదు.

రంగం అంటే రంగూన్. మన కోస్తా ఊళ్లలో పాతతరం వాళ్లని అడిగితే, "మా తాత రంగం వెళ్లాడు" అనే మాట ప్రతి నాలుగో ఇంట్లోనూ వినిపిస్తుంది. బియ్యం మిల్లుల్లో పనికి, రేవులో మూటలు మోయడానికి, రిక్షాలు లాగడానికి కాకినాడ నుంచీ, విశాఖ నుంచీ జనం వెళ్లేవాళ్లు. బర్మాలో మనవాళ్లని కోరంగీలు అనేవారు, కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద. మా ముత్తాత ఓ బియ్యం మిల్లులో గుమాస్తా. రెండేళ్లకోసారి వచ్చి వెళ్లేవాడు. మా తాతమ్మ ఇక్కడ పిల్లలతో, కాకినాడకి నాలుగు కోసుల దూరంలోని పల్లెలో ఉండేది.

సంక్రాంతికి ఆవిడ డబ్బా పంపేది. కిరసనాయిలు డబ్బా! బర్మా నుంచి మన దేశానికి వచ్చే సరుకుల్లో బియ్యం, టేకుతో పాటు కిరసనాయిలు కూడా ముఖ్యమైనదే. ఆ డబ్బా ఖాళీ అయ్యాక బూడిదతో తోమి, కుంకుడు నురగ పోసి, మూడు రోజులు ఎండబెట్టి, వాసన పోయిందో లేదో పిల్లల చేత చూపించేదట. అడుగున అరిటాకు, దాని మీద అరిసెలు, మధ్యలో గుడ్డసంచిలో జంతికలు, పైన సున్నుండలు. మూత పెట్టి టంకం వేయించడానికి కాకినాడ దాకా బండి. అప్పట్లో కాకినాడలో ఓడలు ఒడ్డు దాకా వచ్చేవి కావు, దూరంగా సముద్రంలో లంగరేసుకుని ఉండేవి. పడవలో వెళ్లి ఎక్కాల్సి వచ్చేది. ఆ సీజనుకి మిల్లు పనికి వెళ్తున్న ఊరివాళ్లు ఎవరో ఒకరు ఆ డబ్బాని నెత్తిన పెట్టుకుని పడవ ఎక్కేవాళ్లు. వాళ్లకి కూలి కింద ఇరవై అరిసెలు వేరేగా మూట.

ఒక సంగతి పెద్దయ్యాక చదివి ఆశ్చర్యపోయాను. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రమే. ఉత్తరం మీద అంటించేది ఇండియా స్టాంపే. విడిపోయిన రోజు నుంచి ఆ స్టాంపుల మీదే "బర్మా" అని అచ్చు గుద్ది అమ్మారు. అంటే మా తాతమ్మ మొదట పంపిన డబ్బాలు పరదేశానికి పంపినవి కానే కావు. ఆవిడకి ఆ తేడా తెలిసిందో లేదో. సముద్రం మాత్రం అంతే వెడల్పు కదా.

ఇంకా ముందు వెళ్లినవాళ్లకి ఈ డబ్బా కూడా లేదు. మారిషస్ చెరకు తోటలకీ, 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నటాల్‌కీ ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్లకి వెనక నుంచి ఎవరు పంపుతారు, ఎలా పంపుతారు? కొలిచి ఇచ్చిన బియ్యం, పప్పు, ఉప్పుతోనే వాళ్ల ఆడవాళ్లు గుర్తున్నది గుర్తున్నట్టు వండుకున్నారు. మారిషస్‌లో ఈ రోజుకీ ఉగాది సెలవు రోజంటే, అందులో ఆ వంటింటి జ్ఞాపకం వాటా ఎంతో ఉందని నా నమ్మకం.

మళ్లీ మా తాతమ్మ దగ్గరికి వస్తాను. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి. ఆ సంక్రాంతి డబ్బా అప్పటికే తయారయ్యింది, టంకం కూడా వేయించేశారు. తీసుకెళ్లేవాళ్లు లేరు. కాకినాడ దాకా వెళ్లిన బండి డబ్బాతోనే వెనక్కొచ్చింది. పిల్లలు అరిసెల కోసం ఏడిస్తే తాతమ్మ డబ్బా విప్పలేదు. "అవి నాన్నవి" అందిట. అటక మీద పెట్టేసింది. అమ్మమ్మకి అప్పుడు పదకొండేళ్లు. మార్చిలో రంగూన్ జపాను వాళ్ల చేతికి పోయింది. ఏప్రిల్ 6న కాకినాడ మీదా, విశాఖ మీదా కూడా బాంబులేశారు. ఆ చప్పుడు విన్నానని అమ్మమ్మ చెప్పేది. లక్షలమంది అడవుల్లో, కొండల్లో నడిచి అస్సాం వైపు వచ్చారు. దారిలో పోయినవాళ్ల లెక్క ఎవరూ సరిగ్గా రాయలేదు.

ముత్తాత జూన్‌లో వచ్చాడు. మణిపూర్ మీదుగా నడిచి, దీమాపూర్‌లో రైలెక్కి వచ్చాడట. గుమ్మంలో నిలబడితే అమ్మమ్మ బిచ్చగాడనుకుని లోపలికి పరిగెత్తి బియ్యం తెచ్చింది. ఆ మాట చెప్పేటప్పుడు డెబ్భై ఏళ్ల వయసులో కూడా ఆవిడ కళ్లు తుడుచుకునేది. ఆ సాయంత్రం తాతమ్మ అటక మీద డబ్బా దింపించి కత్తితో మూత కోసింది. సున్నుండలు కమురు వాసన, జంతికలూ అంతే. అరిసెలు మాత్రం చెక్కముక్కల్లా బిగిసిపోయి ఉన్నాయి. నెయ్యి కొంచెం వాసనొచ్చినా పాడైపోలేదట. వేడి పాలలో నానబెట్టి ఇస్తే ఆయన ఏమీ మాట్లాడకుండా నాలుగు తిన్నాడు. తర్వాత ఎక్కడికీ వెళ్లలేదు. ఆయన ఉన్నంతకాలం ఇంట్లో పాలల్లో నానేసిన అరిసే సంక్రాంతి.

తర్వాతి కథ మీకు తెలిసిందే, కాబట్టి తొందరగా చెప్పేస్తాను. 1965లో అమెరికా వలస చట్టం మార్చాక మన డాక్టర్లు, ఇంజినీర్లు వెళ్లడం మొదలైంది. మా పెద్దమ్మ కొడుకు 70ల్లో చేతిలో ఎనిమిది డాలర్లతో వెళ్లాడు, అంతకంటే ఇచ్చేవారు కాదు. ఆ రోజుల్లో ఓడ పార్సిల్ వేస్తే నెలలు పట్టేది. అందుకని "ఎవరైనా వెళ్తున్నారా?" అని ఊరంతా అడగడమే పెద్ద పని. 90ల్లో సాఫ్ట్‌వేర్ పిల్లలు వెళ్లడం మొదలయ్యాక ఆ అడగడం తప్పింది. సూట్‌కేసు తూచే కాటా వచ్చింది. ఒకప్పుడు పెట్టెకి 32 కిలోలు, తర్వాత 23 కిలోలు. ఆ తొమ్మిది కిలోలూ ఎవరు తగ్గించారో గానీ, అమ్మల ఉసురు తగిలే ఉంటుంది.

విదేశం అనగానే మనకి అమెరికానే గుర్తొస్తుంది. కరీంనగర్, నిజామాబాద్ ఇళ్ల నుంచి దుబాయ్ వెళ్లిన సకినాల మూటల గురించీ, కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్ల గురించీ ఎవరూ రాయరు. అక్కడ తల్లే దూరంగా ఉంటుంది, పిల్లలు ఇక్కడ ఉంటారు. డబ్బా ఎటు నుంచి ఎటు వెళ్లాలి? ఇంకోటి, ఆ దేశాలకి పంపేవాళ్లు గసగసాలు వేసినవి పంపకండి. అక్కడ అవి మత్తుపదార్థాల కింద లెక్క, జైలు దాకా వెళ్తుంది. అమెరికాకైతే మాంసం పచ్చళ్లు, పచ్చి కరివేపాకు వద్దు. 2003 డిసెంబరు నుంచి ఆ దేశానికి తిండి పదార్థాలు పంపేముందు అక్కడి ప్రభుత్వానికి ముందుగా తెలపాలి. కానీ ఇంట్లో చేసి, సొంతవాళ్లకి బహుమతిగా పంపేవాటికి ఆ నియమం లేదు. అందుకే ఫారంలో "ఇంట్లో చేసినవి, బహుమతి" అని స్పష్టంగా రాయించాలి.

ఇక నా సంగతి. మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. కిందటేడు దానికి ఏడో నెల. కడుపు చలవకి అమ్మ చేతి చలిమిడి పెట్టాలి కదా. నేను వెళ్దామంటే అత్తగారు తుంటి విరిగి మంచంలో ఉన్నారు. పచ్చి చలిమిడి మర్నాటికే పులుస్తుంది. కాబట్టి పాకం చలిమిడి. అదీ రంగం పాకమే. సున్నుండలు, చెగోడీలు కలిపి ఆగస్టు మూడో వారంలో పోస్టులో వేశాను. అదే నెలాఖరుకి అమెరికా తక్కువ ఖరీదు పార్సిళ్లకి సుంకం మినహాయింపు తీసేయడంతో, 25 నుంచి మన తపాలా అక్కడికి తీసుకోవడం దాదాపు ఆపేసింది. సెప్టెంబరులో నా పెట్టె నాకే తిరిగొచ్చింది. నా చేతిరాతే, మా అమ్మాయి చిరునామాయే, పైన ఇంకో ముద్ర.

విప్పలేదు. అల్మరా మీద పెట్టాను. పనిమనిషి రెండుసార్లు అడిగింది, "అమ్మా, చీమలు పడతాయి" అని. మంచం మీద నుంచి అత్తగారు అంతా చూస్తూనే ఉన్నారు. పదో రోజున పిలిచి, "అది అమ్మాయిది కాదిప్పుడు, విప్పు. నాకు పెట్టు" అన్నారు. సున్నుండ చిదిపి నోట్లో పెట్టాను. చలిమిడి బాగానే ఉంది. పళ్లు లేవు కాబట్టి చప్పరిస్తూ, "ఇవాళ తెలిసింది, రాళ్లెందుకు చేస్తారో" అన్నారు.

అక్టోబరు 15 నుంచి పార్సిళ్లు మళ్లీ మొదలయ్యాయి. ఆ రాత్రే బియ్యం నానబోశాను. పదమూడో రోజున అమ్మాయి వీడియోలో పెట్టె విప్పింది. చలిమిడి బిగిసిపోయిందట, మైక్రోవేవ్‌లో పది సెకన్లు పెట్టి తింటోంది. "అమ్మా, ఇంత గట్టిగా ఎందుకు చేశావ్?" అంది. పక్కగదిలోంచి అత్తగారు, "రంగం పాకమే అది!" అని గట్టిగా అరిచారు.