నడుమ నిలిచినవారు

మన పల్నాటిలో పిల్లవానిని పనిలో పెట్టుట పూర్వము పెద్ద ప్రయత్నము కాదు. వడ్రంగి కొడుకు తండ్రియొద్దనే బాడిసె పట్టెను. కాపు బిడ్డ తండ్రి వెంట పొలమునకు పోయి మేడి పట్టెను. పరులయొద్ద కొలువులో చేర్పవలసి వచ్చినప్పుడు మాత్రము నడుమ నొకడు కావలసివచ్చెను. యజమాని కూలి యిచ్చును, పనివాడు కష్టించును. ఈ రెండును చేయని మూడవవాడు ఎవరి పక్షమున నిలుచును? నేడు నేను చెప్పబూనిన చరిత్ర యిదియే.

మనకు బాగుగా తెలిసిన మూడవవాడు మేస్త్రీ. మాచెర్ల ప్రక్కనే నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. అది రాతికట్టడము గనుక వేలకొలది మనుష్యుల చేతులు కావలసెను. ఇట్టి ఆనకట్టల పనులకు పాలమూరు జిల్లానుండి కూలీలను మేస్త్రీలు గుంపులుగా తెచ్చుచుండిరి. మేస్త్రీ ముందుగా బయానా ఇచ్చును. అది తీరువఱకు కూలివాడు కదలరాదు. మేస్త్రీ కూలివాని ఊరివాడే కావచ్చును, బంధువే కావచ్చును. అయినను లెక్క మాత్రము గుత్తేదారుతోనే.

లాభాపేక్ష లేని ధర్మసంస్థ నడుమ నిలిచినచో అంతయు చక్కబడునని మీరనవచ్చును. బాపట్ల చేరువనున్న స్టూవర్టుపురము కథ వినుడు. ఎఱుకలవారు ఒకప్పుడు తీరమునందలి ఉప్పును గాడిదలపై, ఎద్దులపై వేసికొని లోపలి సీమలకు కొనిపోయి, ధాన్యము మార్చుకొని జీవించిన వర్తకులు. ఉప్పుపన్ను, రైలుబండి కలిసి వారి వర్తకమును కూలద్రోసెను. పిమ్మట దొరతనమువారు 1911 నాటి నేరస్థ జాతుల చట్టముక్రింద పుట్టుకచేతనే వారిని దొంగలుగా వ్రాసికొనిరి. చేతిలోని పనిని పోగొట్టి, పనిలేనివారని దండించుట! 1913-14 ప్రాంతమున రక్షణ సైన్యమను క్రైస్తవ ధర్మసంస్థకు వారిని అప్పగించి సెటిల్మెంటు కట్టించిరి. మద్రాసు ప్రభుత్వపు కార్యనిర్వాహక సభ్యుడగు హెరాల్డ్ స్టూవర్ట్ పేర ఆ యూరు వెలసెను.

అదే కాలమున, అనగా 1912లో, ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీ ఏర్పడినది. చీరాలలోని దాని కర్మాగారమునకు సెటిల్మెంటునుండి పనివారు పోవుచుండిరి. యజమానికి నికరమైన పనివారు దొరకిరి. సంస్థకు తనవారిని పనిలో నిలిపితినను పేరు దక్కెను. సంస్థవారు బడి పెట్టి పిల్లలకు చదువు చెప్పిరి, దానిని కాదనరాదు. కాని పాసు లేనిదే సెటిల్మెంటు దాటరాదు. ఆ చట్టము పిల్లలను తల్లిదండ్రులనుండి వేఱుచేయుటకు సైతము అధికారమిచ్చెను. కూలి చాలదని పని మానుకొని మఱియొకచోటికి పోవుటకు వీలులేని పడుచువానికి సంస్థ రక్షకుడా, కావలివాడా? మేస్త్రీది బయానా, దీనిది పాసు. ఆ చట్టము మద్రాసు రాష్ట్రమున 1947లోను, దేశమంతట 1952లోను రద్దయ్యెను.

తరువాతి కథకు మూలపురుషుడు మన ప్రాంతమువాడే. తాడేపల్లిలో పసుపు పండించు రైతు కుటుంబమున 1939లో జన్మించిన కల్లం అంజిరెడ్డిగారు మందుల కంపెనీ పెట్టి గడించి, 1996లో డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషను స్థాపించిరి. అది 1999లో హైదరాబాదున ల్యాబ్స్ అను శిక్షణకేంద్రములను ఆరంభించెను. ముందుగా ఆ పట్టణములోని దుకాణములు, హోటళ్లు, కార్యాలయములు తిరిగి ఎట్టి పనివారు కావలెనో యజమానులనే అడిగిరి. పిమ్మట ఆ పని సుమారు మూడు నెలలు నేర్పిరి. యజమానులు సైతము వచ్చి పాఠము చెప్పిరి. ఇది మన కులవృత్తుల పద్ధతికి తలక్రిందులు. అందు పనివాడు ముందు, గిరాకీ వెనుక.

2005లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఈ.జి.ఎం.ఎం. అను సంస్థనుంచి ఆ త్రోవనే పల్లెపడుచువారికై పట్టెను. 2014లో కేంద్రప్రభుత్వము దీన్ దయాళ్ ఉపాధ్యాయ పేర గ్రామీణ కౌశల్య యోజన తెచ్చెను. దాని నిబంధనలలో రెండు నాకు ముఖ్యములుగా తోచినవి. శిక్షణ ఇచ్చు సంస్థ నూటికి 70 మందికైనను కొలువు కుదుర్పవలసియుండెను. కొలువు కుదిరినవానికి స్వంత జిల్లాలోనైన రెండు నెలలు, రాష్ట్రములో వేఱు జిల్లాయైన మూడు నెలలు, పై రాష్ట్రమైన ఆరు నెలలు, నెలకు వేయి రూపాయల చొప్పున తోడ్పాటు ఉండెను. ఆ వేయి స్వల్పమే. కాని దూరము పోయినకొలది కష్టము హెచ్చునని సర్కారు లెక్కలలో కనబడుట నాకు క్రొత్తగా తోచినది.

ఏలయన, చేరినవారిలో తిరిగివచ్చువారును కలరు. మా యూరి కుఱ్ఱవాడొకడు నగరములో దుకాణమున చేరి ఇరువది దినములకే మూటతో వచ్చెను. రచ్చబండమీద మేమందఱము నవ్వితిమి, నేనును నవ్వినవాడనే. వానికి పని రాక కాదు. జీతము నెల చివరను, గది అద్దె నెల మొదటను. నడుమ తిండికి లేదు. ఈ సంగతి వాడు తండ్రితో సైతము చెప్పలేదు. నాలుగుదినముల తరువాత వానికి పని నేర్పిన సంస్థ మనిషి వచ్చి, అరుగుమీద కూర్చుండి, వానిని తిట్టక, ఏమి జరిగెనని అడిగెను. అప్పుడు బయటపడెను. ఆ మనిషి యజమానితో మాటలాడి మొదటి నెల జీతములో కొంత ముందుగా ఇప్పించెను. బయానా వలె గాక, ఎప్పుడైనను మానుకొనవచ్చునను షరతుమీద.

వాడు మరల పోయెను. ఈ మారు మొదట గది చూచుకొని, పిమ్మట పనిలో చేరెను.