బొమ్మ కింద సంతకం

సాహిత్య చరిత్రలో పల్నాడు జిల్లా నాదెండ్ల ఊరి పేరు గోపమంత్రి ఇంటిపేరుగా నిలిచిపోయింది. ఆయన మహామంత్రి తిమ్మరుసుకు మేనల్లుడు. రాయలవారి కాలంలో కొండవీటిని ఏలుతూనే ప్రబోధచంద్రోదయ నాటకానికి సంస్కృతంలో వ్యాఖ్య రాశాడు. గట్టి చదువే, కానీ పిల్లల చేతికిచ్చేది కాదు. పిల్లలు కళ్లప్పగించి చూసే పని ఇదే జిల్లాలో ఆయనకు దాదాపు పద్నాలుగు వందల ఏళ్ల ముందే జరిగింది, అమరావతిలో.

అక్కడి బౌద్ధ స్తూపానికి చెందిన ఒక గుండ్రటి శిల్పం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. నలగిరి అనే మదపుటేనుగు కథ అది. ఒకపక్క ఏనుగు వీధినపడి మనుషుల్ని తొక్కేస్తుంటుంది, జనం చెల్లాచెదురవుతుంటారు, మేడల మీద నుంచి ఆడవాళ్లు తొంగిచూస్తుంటారు. అదే వలయంలో ఇంకోపక్క అదే ఏనుగు బుద్ధుడి పాదాల ముందు మోకరిల్లి ఉంటుంది. ఒకే ఏనుగును రెండుసార్లు చెక్కి నిన్నటికీ నేటికీ మధ్య జరిగిన కథను ఒక్క రాతిలో చెప్పేశాడు శిల్పి. అక్షరం రానివాడికి కూడా అర్థమవుతుంది. పిల్లల కోసం అచ్చయిన తొలి బొమ్మల పుస్తకంగా ప్రపంచం చెప్పుకునే కొమీనియస్ పాఠ్యగ్రంథం వచ్చింది 1658లో. మనవాడు అంతకు పదిహేను శతాబ్దాలు ముందు. పేరు మాత్రం చెక్కుకోలేదు.

అచ్చులో మనకు ఆ పని మొదలుపెట్టినవాళ్లలో ముందు చెప్పుకోవలసింది రేడియో అన్నయ్య, అక్కయ్యలను. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో మద్రాసు నుంచి ‘బాల’ పత్రిక తెచ్చారు. పిల్లలు రాసిందీ గీసిందీ కూడా వేసేవారు. ముళ్లపూడి వెంకటరమణ తొలి కథ, బాపు తొలి బొమ్మ అందులోవే. అప్పటికి బాపుకు పన్నెండేళ్లు కూడా నిండలేదు. పిల్లవాడి గీతను అచ్చుకు తగినదని నమ్మిన సంపాదకులు వాళ్లు. ఆ ఒక్క నమ్మకానికే వాళ్లకు విగ్రహం పెట్టించాలి.

రెండేళ్లకు, 1947 జులైలో ‘చందమామ’ వచ్చింది. పెట్టుబడీ అచ్చూ బి. నాగిరెడ్డివి, ఊహ చక్రపాణిది. ఆలూరి వెంకటసుబ్బారావు అనే ఈ చక్రపాణిది తెనాలి. ఆ తర్వాత దాదాపు మూడు దశాబ్దాలు పత్రికను నడిపించిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. ‘తోకచుక్క’ మొదలుకొని సీరియళ్లు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం ఆ చుట్టుపక్కలవారే. అంటే నాదెండ్ల ఉన్న పాత గుంటూరు జిల్లావాళ్లే ముగ్గురూ.

తమాషా ఏమిటంటే, కుటుంబరావు పేరు సంపాదకుడిగా పత్రికలో పడేది కాదు. దాసరివారి సీరియళ్ల మీదా ఆయన పేరు ఉండేది కాదు. బొమ్మల మూలన మాత్రం సంతకాలు ఉండేవి: చిత్రా, శంకర్, వ.పా. లోకంలో ఎక్కడైనా రచయిత ముందు, చిత్రకారుడు వెనక. ఇక్కడ మాత్రం తిరగబడింది. కథ ఎవరు రాశారో తెలియని పిల్లలు బొమ్మ ఎవరిదో మాత్రం దూరం నుంచే చెప్పేసేవారు.

చిత్రా అంటే టి.వి. రాఘవన్. సీరియళ్లలోని అడవులూ రాకాసులూ పాడుబడ్డ కోటలూ ఆయనవి. శంకర్ అంటే కె.సి. శివశంకరన్, మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో దేవీప్రసాద్ రాయ్ చౌధురి శిష్యుడు. భుజాన శవం, చేతిలో కత్తి, నడిచిపోతున్న విక్రమార్కుడు ఆయన గీసినవాడే. ఆరు దశాబ్దాలపాటు చందమామకే బొమ్మలు వేసి 2020లో కన్నుమూశారు. పద్మశ్రీ మరుసటి ఏడాది వచ్చింది. మహాభారతం ముఖచిత్రాలతో పేరు తెచ్చుకున్న ఎం.టి.వి. ఆచార్య కన్నడిగుడు. మన వడ్డాది పాపయ్య కశింకోటలో కూర్చుని రంగులు కలిపి, బొమ్మలను పోస్టులో మద్రాసు పంపేవారు. అన్ని భాషల చందమామలకూ బొమ్మ ఒక్కటే. మాట మారేది, గీత మారేది కాదు. తెలుగు పిల్లల కలల్లో తిరిగిన రాక్షసుల్లో సగంమంది తమిళుల చేతిలో పుట్టారంటే ఇప్పటికీ కొందరు నమ్మరు.

తర్వాతి తరానికి ఇంకో దారి దొరికింది. మాస్కోలో తెలుగులో అచ్చయిన నున్నటి కాగితపు రష్యన్ పుస్తకాలను విశాలాంధ్ర పుస్తకాలయం కారుచౌకగా అమ్మేది. సోవియట్ యూనియన్ 1991లో కూలాక అవి ఆగిపోయాయి. వాటిలో కొన్నింటిని మళ్లీ అచ్చువేసి బతికించినది సికింద్రాబాదులోని ‘మంచి పుస్తకం’. ఉత్తర అమెరికా తెలుగు సంఘం ‘తానా’తో కలిసి బొమ్మల కథల పోటీలు పెట్టి కొత్త తెలుగు చిత్రకారులనూ వెలుగులోకి తెస్తోంది. చందమామ ఆగిపోయాక ఈ మాత్రం దీపం ఉండబట్టి సరిపోయింది.

గౌరవాల లెక్కకు వస్తే మన వెనకబాటు తెలుస్తుంది. అమెరికాలో కాల్డెకాట్ పతకం 1938 నుంచీ బొమ్మల పుస్తకం గీసినవారికే ఇస్తున్నారు. హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పురస్కారం రచయితలకు 1956లో మొదలైతే, పదేళ్లకు చిత్రకారులకూ వేరుగా ఏర్పాటైంది. మన కేంద్ర సాహిత్య అకాడమీ బాలసాహిత్య పురస్కారం 2010లో మొదలైంది. అది రచయితలకే. 2016లో టాటా ట్రస్టుల పరాగ్ విభాగం ‘బిగ్ లిటిల్ బుక్’ అవార్డులో చిత్రకారులకూ చోటిచ్చింది. అకాడమీ ఆ పని ఎందుకు చేయకూడదో నాకు అర్థం కాదు. బొమ్మల పుస్తకంలో సగం కథ బొమ్మే చెబుతున్నప్పుడు సగం గౌరవం దానికి దక్కాలి.

అకాడమీ కదిలేదాకా ఆగనక్కరలేదు. మన బడుల్లో గ్రంథాలయ రిజిస్టరు తెరిస్తే పుస్తకం పేరు, రచయిత, ప్రచురణకర్త, వెల అని గళ్లుంటాయి. బొమ్మలు వేసినవారికి గడి ఉండదు. నాదెండ్ల మండలంలోని ప్రధానోపాధ్యాయులకు ఒక మనవి: ఈసారి కొత్త పుస్తకాలు వచ్చినప్పుడు స్కేలు పెట్టి ఇంకో గీత గీయండి, పైన ‘చిత్రకారులు’ అని రాయండి. ఆ గడి నింపే పని పిల్లలకే అప్పజెప్పండి.