పలుకని అక్షరముల పూర్వకథ

ఇంగ్లీషు నేర్చుకొను ప్రతి విద్యార్థికిని ఒకనాడు తప్పక కలుగు సందేహ మొకటి కలదు. మోకాలికి ఇంగ్లీషులో 'నీ' అని పేరు. పలుకునపుడు నకారముతో ఆరంభమగు ఈ మాటను వ్రాయునపుడు ముందుగా 'కె' అను అక్షరమును నిలుపవలెను. అప్పును 'డెట్' అందురు. అందులో వినబడని 'బి' యొకటి కూర్చుండి యుండును. ద్వీపమును 'ఐలండ్' అందురు. నడుమ 'ఎస్' ఉన్నను నోట రాదు. పలుకనిదానిని వ్రాయుట యేల అని అడిగినవారికి, అది ఆ భాష ఆచారమని చెప్పి ఊరకుండుట వాడుక. కాని ఆచారమునకు పుట్టుక యుండును. ఆ పుట్టుకను మనము కొంచెము విచారింతము.

ఈ మూగ అక్షరములన్నియు ఒకే కుటుంబమునకు చెందినవి కావు. కొన్ని ఒకప్పుడు చక్కగా పలికి, కాలక్రమమున గొంతు పోగొట్టుకొన్నవి. కొన్ని పరాయి లేఖకులును ముద్రాపకులును తమ అలవాటు చొప్పున తెచ్చి పెట్టినవి. మరికొన్ని పండితులు తెచ్చి నాటినవి. ఇంగ్లీషువారి నోట అవి ఏనాడును పలికి యెరుగవు.

మొదటి తెగను చూతము. క్రీ.శ. 597లో రోము నుండి క్రైస్తవ మత ప్రచారకులు ఇంగ్లండునకు వచ్చిన పిమ్మట అచ్చటి సన్న్యాసులు లాటిన్ లిపిలో తమ భాషను వ్రాయ మొదలిడిరి. వారు విన్నది విన్నట్లు వ్రాసిరి. నేడు 'నైట్' అని పలుకబడుచు వీరయోధుడను అర్థమిచ్చు మాటను ఆ కాలమువారు 'క్నిహ్ట్' అనిరి. బాలుడు, సేవకుడు అని అప్పటి అర్థము. అందులో కకారమును పలికెను, హకారము వంటి గొంతు ధ్వనియు పలికెను. దీనికి సాక్ష్యము కావలెనన్న దూరము పోనక్కరలేదు. ఇంగ్లీషునకు జ్ఞాతియైన జర్మను భాషలో మోకాలిని నేటికిని 'క్నీ' అనియే పలుకుదురు. ఇంగ్లండులో ఈ కకారము 17వ శతాబ్ది చివర, 18వ శతాబ్ది మొదట పూర్తిగా మూగవోయినది. వ్రాయుట అను అర్థముగల 'రైట్' మొదట నుండు 'డబ్ల్యు', గొఱ్ఱెపిల్లయను అర్థముగల 'ల్యాం' చివర నుండు 'బి' కూడ ఇట్లే ఒకప్పుడు పలికినవే.

పదాంతమున నుండు 'ఇ' కథ ఇంకను వింతైనది. పేరు అను అర్థముగల 'నేమ్' ఒకప్పుడు రెండక్షరముల మాట. దానిని ఇంచుమించు 'నామ' అని పలికిరి. 1400లో మరణించిన మహాకవి చాసరు తన పద్యములలో ఈ తుది అచ్చును లెక్కకు తీసికొన్నాడు. ఆ తరువాత అది వాడుకలో జారిపోయినను వ్రాతలో నిలిచినది. పిమ్మట వచ్చిన ఉపాధ్యాయులు దానికి క్రొత్త ఉద్యోగ మిచ్చిరి. 'హ్యాట్' చివర 'ఇ' చేర్చిన 'హేట్' అగును. తాను నోరు మెదపకయే ముందున్న అచ్చు ఎట్లు పలుకవలెనో అది చెప్పుచున్నది.

1066లో నార్మనులు ఇంగ్లండును జయించిరి. ఫ్రెంచి అలవాటుగల లేఖకులకు ఇంగ్లీషులోని గొంతు హకారము క్రొత్త. దానిని 'జి', 'హెచ్' అను రెండక్షరముల జంటగా వ్రాయు పద్ధతి క్రమముగా ఏర్పడినది. రాత్రికి 'నైట్', వెలుతురునకు 'లైట్' అను మాటలలో ఆ జంట నిలిచినది, ధ్వని నశించినది. నవ్వు, దగ్గు అను అర్థములుగల 'లాఫ్', 'కాఫ్' మాటలలో అదే ధ్వని ఫకారముగా మారినది. స్కాట్లండు పల్లె వాడుకలో మాత్రము ఆ ప్రాచీన ధ్వని ఇంకను వినబడుచుండును.

ఇంతలో ముద్రాయంత్రము వచ్చినది. విలియం కాక్స్టన్ 1476లో వెస్ట్‌మినిస్టరులో ఇంగ్లండు దేశపు తొలి ముద్రాలయమును స్థాపించెను. ఏ ప్రాంతపు మాటను అచ్చు వేయవలెనో తెలియక ఆయన పడిన తికమకను 1490లో ఒక గ్రంథపు పీఠికలో తానే చెప్పినాడు. థేమ్సు నదిలో గాలి లేక నిలిచిన ఓడలోని వర్తకులు కొందరు ఒడ్డునకు దిగి, ఒక ఇల్లాలిని గ్రుడ్లు అడిగిరి. వారిలో ఒకడు ఉత్తరపు మాటయైన 'ఎగ్గెస్' అన్నాడు. ఆమె తనకు ఫ్రెంచి రాదన్నది. తనకును రాదని అతడు కోపించెను. మరియొకడు దక్షిణపు మాటయైన 'ఐరెన్' అనగానే ఆమెకు బోధపడినది. ఒకే దేశమున గ్రుడ్డుకే రెండు పేర్లున్నప్పుడు వర్ణక్రమము ఒక్కటిగా నుండునా?

కాక్స్టన్ అంతకు ముందు చాలకాలము ఫ్లాండర్సులోని బ్రూజెస్ నగరమున నివసించినవాడు. దయ్యమను అర్థముగల 'గోస్ట్' మాటలోని 'హెచ్' ఆ ప్రాంతపు వ్రాత నుండి ఆయన ముద్రాలయము ద్వారా వచ్చినదని పండితులు చెప్పుదురు. ఇంతకంటె గొప్ప పరిణామ మొకటి అదే కాలమున జరుగుచుండెను. 15వ శతాబ్ది మొదలు 18వ శతాబ్ది వరకు ఇంగ్లీషు దీర్ఘాచ్చుల ఉచ్చారణ అంతయు తలక్రిందులైనది. నాలుక పరుగెత్తుచుండగా సీసపు అక్షరములు మాత్రము క్రమముగా కుదురుకొని నిలిచిపోయినవి. వ్రాతకును పలుకునకును నడుమ నేడు కనబడు ఎడము చాలవరకు ఈ కాలముననే ఏర్పడినది.

ఇక పండితుల తెగ. అప్పును మధ్యయుగపు ఇంగ్లీషువారు ఫ్రెంచి నుండి గ్రహించి 'బి' లేకయే వ్రాసిరి. లాటిన్ విద్యపై మోజు పెరిగిన దినములలో, దీనికి మూలము లాటిన్ 'డెబిటుం' గదా యని పండితులు 'బి'ని చొప్పించిరి. సందేహమను అర్థముగల 'డౌట్'లోని 'బి', రసీదులోని 'పి' ఇట్లే వచ్చినవి. 'ఐలండ్' విషయమున పాండిత్యము దారి తప్పినది. అది అచ్చమైన ప్రాచీన ఇంగ్లీషు మాట. లాటిన్ 'ఇన్సుల'తో దానికి చుట్టరికమే లేదు. లాటిన్ సంతతియైన 'ఐల్' అను మాటను చూచి భ్రమపడి దీనికిని 'ఎస్' తగిలించిరి. 1598లో అచ్చయిన షేక్స్పియరు నాటకము 'లవ్స్ లేబర్స్ లాస్ట్'లో ఒక ఉపాధ్యాయుడు, ఈ 'బి'ని పలుకనివారిని చూచి మండిపడును. ప్రేక్షకులు నవ్వినది ఆయనను చూచియే.

అయినను వ్రాతకు గల బలము తక్కువది కాదు. తప్పు అను అర్థముగల 'ఫాల్ట్' మాటలోని 'ఎల్' కూడ ఇట్లు చొప్పింపబడినదే. 18వ శతాబ్దిలో సైతము దానిని పలుకనివా రుండిరి. నేడు అందరును పలుకుచున్నారు. చొరబడిన అక్షరము కాలక్రమమున ఇంటివాడైనది.

ఈ భారమును దింపవలెనని యత్నించినవారు లేకపోలేదు. అమెరికాలో నోవా వెబ్‌స్టరు 1828 నాటి నిఘంటువుతో కొన్ని అక్షరములను తొలగింపగలిగెను. 1906లో అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్టు మూడువందల మాటలను సులభ వర్ణక్రమమున ముద్రింపుడని ప్రభుత్వ ముద్రాలయమును ఆజ్ఞాపింపగా, ఆ సంవత్సరమే కాంగ్రెసు సభ అడ్డుకొన్నది. 1950లో మరణించిన బెర్నార్డ్ షా క్రొత్త లిపికై తన ఆస్తిలో భాగము వ్రాసిపెట్టెను. ఆ లిపిలో 1962లో ఆయన నాటక మొకటి అచ్చయినది. లిపి మాత్రము ప్రజలలో ప్రచారమునకు రాలేదు.

ఇరుపక్షముల వాదములకును బలము కలదు. 'సైన్'లో మూగయైన 'జి', 'సిగ్నేచర్'లో పలుకును. ఆ అక్షరమును తీసివేసిన ఈ రెండు మాటల బంధుత్వము కంటికి కనబడదు. పలికినట్లు వ్రాయవలెనన్న లండను పలుకా, ఎడింబరో పలుకా, న్యూయార్కు పలుకా ప్రమాణము? మరొక వైపున బాలుర కష్టమున్నది. పదమూడు ఐరోపా భాషలను పరిశీలించి 2003లో ప్రకటించిన ఒక పరిశోధనలో, ప్రాథమిక పఠనము నేర్చుటకు ఇంగ్లీషు బాలురకు తక్కిన భాషల బాలురలో పెక్కుమంది కంటె రెండింతలకు మించిన కాలము పట్టుచున్నదని తేలినది.

మన ఇంటిలోను ఇట్టి అనుభవ మొకటి కలదు. 'వాఁడు', 'మూఁడు', 'ఏఁడు' అని మన పెద్దలు అరసున్నతో వ్రాసిరి. అది ఒకప్పటి అనునాసిక ధ్వనికి గుర్తు. తమిళమున మూడును 'మూన్ఱు' అనియు, ఏటిని 'ఆండు' అనియు అనుట చూచినచో దాని మూలము తెలియును. పలుకు నుండి అది జారిపోయిన చాలకాలమునకు, 20వ శతాబ్దిలో, మన అచ్చు నుండియు జారిపోయినది. ఇంగ్లీషువారు మూగ అక్షరమును నిలుపుకొనిరి, మనము విడిచితిమి. మన బాలురకు చదువు తేలికైనది. మాటల చుట్టరికము కొంత మరుగుపడినది. ఏ మార్గమునను నష్టము లేకపోలేదు.

రేడియోలో మూగ అక్షరములకు చోటులేదు. ఇక్కడ వినబడినదే మాట. అయినను ఏది సరియైన ఉచ్చారణ యను సమస్య మా వృత్తివారిని విడువలేదు. 1926లో బి.బి.సి. వారు దీనికై ఒక సలహా సంఘమును నియమించిరి. ఆస్థానకవి రాబర్టు బ్రిడ్జెస్ దానికి అధ్యక్షుడు. ఆయన అనంతరము షా ఆ పీఠ మెక్కెను. అంతటివారు కూర్చుండియు ప్రజల నాలుకను కట్టలేకపోయిరి.

కావున వర్ణక్రమమున తప్పిన విద్యార్థిని మందబుద్ధి యని నిందించుటకు ముందు మనము ఒక్క క్షణ మాలోచింపవలెను. 'డెట్'లో 'బి' విడిచి మార్కు పోగొట్టుకొన్నవాడు నేటి పరీక్షలో తప్పినాడే కాని, చాసరు కాలమున తప్పినవాడు కాడు. ఆ అక్షరమును వ్రాయుమని చెప్పుట ఉపాధ్యాయుని విధి. అది ఎట్లు వచ్చినదో కూడ చెప్పినచో ఆ విద్యార్థి దానిని మరల మరువడు.