ముప్పదియెనిమిదవ దోమ

పూర్వము మన పల్లెలలో, ఆశ్లేష కార్తెకు చెరువులు నిండి వరిమళ్ళలో నీరు నిలుచు వేళకు, ఒక జ్వరము బయలుదేరెడిది. మొదట వణుకు, పిమ్మట ఒడలు కాలు వేడి, తుదకు చెమట. కొందరికి ఒకనాడు విడిచి ఒకనాడు, మరికొందరికి రెండునాళ్ళు విడిచి ఒకనాడు అది వచ్చెడిది. జనులు దానిని చలిజ్వరమనిరి. ఆయుర్వేదజ్ఞులు దినముల లెక్కనుబట్టి తృతీయకమనియు, చాతుర్థకమనియు పేరులు పెట్టిరి. రోగమును గుర్తించుటకు లెక్క తోడుగా నుండవలెనని ఆ పెద్దలు ఎరుగుదురు. కాని జ్వరము ఎక్కడినుండి వచ్చుచున్నదో ఎవరికిని తెలియదు. చిత్తడినేలల నుండి లేచు గాలియే కారణమని ఐరోపావారును తలచిరి. మలేరియా అను ఇటాలియను మాటకు చెడుగాలి యనియే అర్థము.

ఆ రహస్యపు తలుపు తెరచుకొన్నది మన గడ్డమీదనే. అది 1897 ఆగస్టు 20వ తేదీ, చోటు సికిందరాబాదు. నేటి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములు నాడు నిజాము రాజ్యములో ఎలగందుల జిల్లాలోనివి. ఆ జిల్లాకు కరీంనగరమను పేరు తరువాత 1905లో వచ్చెను. ముత్యంపేటలో ముసుగుతన్ని వణకుచున్న రైతు జ్వరమునకు కారణము, అతని రాజధాని ప్రక్కనున్న దండులో, ఒక పాత సూక్ష్మదర్శిని క్రింద కనబడినది. దోమ కథ చాలమంది వినియే యుందురు. ఆ వైద్యుడు తాను చూచినదానిని ఎట్లు వ్రాసెను, వ్రాసినదానిని పిదప ఎట్లు లెక్కకట్టెను అను రెండు సంగతులను ఈనాడు శ్రోతలకు విన్నవింతును.

రొనాల్డ్ రాస్ 1857లో హిమాలయపాదమున అల్మోరాలో జన్మించెను. తండ్రి సేనాధికారి. కుమారుని మనసు కవిత్వముమీద, చిత్రకళమీద నుండగా, తండ్రి వైద్యము చదువుమనెను. పదునాలుగవ యేట గణితములో బహుమానముగా ఖగోళమునుగూర్చిన గ్రంథమొకటి లభించినది. 1881లో వైద్యాధికారియై మదరాసు చేరిన పిమ్మట, తీరిక ప్రొద్దులలో గణితగ్రంథములు తెచ్చుకొని తనంతతాను చదువనారంభించెను. ఆ చదువు ఏ పరీక్ష కొరకును కాదు, ఏ ఉద్యోగము కొరకును కాదు. పాతికేండ్లకు పైబడిన పిదపనే అది అక్కరకు వచ్చినది.

1894లో ఆయన సెలవుపై లండను వెళ్ళినపుడు పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు మలేరియా రోగి రక్తములోని సూక్ష్మజీవిని ఆయనకు చూపెను. దానిని 1880లో అల్జీరియాలో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు కనిపెట్టియుండెను. ఆ జీవి దోమలో పెరుగుచుండవచ్చునని మాన్సన్ ఊహ. రాస్ 1895లో సికిందరాబాదు వచ్చి, రోగులను కుట్టిన దోమలను కోసి చూడనారంభించెను. ఒకటి కాదు, పది కాదు, వందలు కోసెను. ఏమియు కనబడలేదు. తాను చూచుచున్న దోమల జాతియే వేరని ఆయనకు తెలియదు.

1897 ఆగస్టులో ఆయన యొద్దకు రెక్కలపై మచ్చలుగల వేరొక రకపు దోమలు చేరినవి. వానిని పిల్లపురుగుల నుండి పెంచి, 16వ తేదీన హుసేన్ ఖాను అను మలేరియా రోగిపై విడిచెను. కుట్టిన దోమకు ఒక్కింటికి ఒక అణా వంతున రోగికి పది అణాలు ముట్టినవి. నాడు నాటికి ఆ దోమలలో కొన్ని చచ్చినవి, కొన్నిటిని కోసెను. 20వ తేదీకి ఒకటి రెండు మాత్రమే మిగిలినవి.

ఆ పని జరిగిన తీరు వినదగినది. గాలి వీచిన కోసిన దోమలు ఎగిరిపోవును గనుక పంకా ఆపించవలసివచ్చెను. ఉక్క భరింపరానిది. నుదుటినుండియు చేతులనుండియు కారిన చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టెను. కంటివద్ద నుంచి చూచు కటకములలో మిగిలినది ఒక్కటి, అదియు పగిలినది. ఈ లోపములను ఆయనయే పిదప చెప్పుకొనెను. తన కన్ను ఎంత నమ్మదగినదో చెప్పదలచినవాడు తన పరికరము ఎంత నమ్మదగినదో చెప్పకుండరాదు.

ముప్పదియెనిమిదవ దోమ జీర్ణకోశపు గోడలో గుండ్రని కణములు కనబడినవి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో వేయవ వంతునకు పండ్రెండు రెట్లు వెడల్పు. వానిలో నల్లని రేణువులు. అట్టి రేణువులు మలేరియా జీవిలో తప్ప ఆయన మరెక్కడను చూచియుండలేదు. మరునాడు ముప్పదితొమ్మిదవ దోమను కోయగా కణములు మరింత పెద్దవై యుండెను. రక్తము త్రాగిన నాల్గవ దినమున చిన్నవి, ఐదవ దినమున పెద్దవి. అనగా దోమ కడుపులో ఏదియో పెరుగుచున్నది! రెండు దోమలు, రెండు తేదీలు, రెండు కొలతలు: ఆయన చేతనున్న సాక్ష్యము ఇంతే.

ఆ సాక్ష్యమును ఆయన ఎట్లు లోకమునకు చెప్పెను? ఆ వ్యాసము 1897 డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నలు పత్రికలో వెలువడెను. మలేరియా రక్తము త్రాగిన రెండు దోమలలో కనబడిన కొన్ని విచిత్రమైన రంగుకణములను గూర్చి, అని దాని శీర్షికకు భావము. మలేరియా మర్మము ఛేదింపబడినదని అందులేదు. దోమలు రెండే యని శీర్షికలోనే ఒప్పుకొనెను. దోమ శాస్త్రీయనామము తెలియనందున రెక్కలు, గ్రుడ్లు ఎట్లుండునో వర్ణించెను. చదివినవాడు తన ఊరి దోమలలో దానిని గుర్తుపట్టవలెను గదా! తాను చూచినదానిని తోటి వైద్యాధికారి యొకనికి చూపి, ఆతని మాటను వ్యాసమునకు జతపరచెను. నమూనాలను లండనునకు పంపగా మాన్సనును, మరి ఇరువురు పండితులును చూచి తమ అభిప్రాయములు వ్రాసిరి.

రోగవృత్తాంతము వ్రాయు కళ యంతయు ఈ చిన్న వ్యాసములోనే ఉన్నది. ఏమి చేసితిని, దేనితో చూచితిని, ఎన్ని చూచితిని, ఏనాడు ఏమి కనబడినది, మరియొకరి కంటికిని కనబడినదా అను ప్రశ్నలకు సమాధానము చెప్పి ఊరకుండుటయే దాని ధర్మము. గొప్ప మాట పాఠకుడు తనంతట తాను అనుకొనవలెను.

ఆ కణములు మరునెలలో మరికొన్ని దోమలలో చూడవలెనని రాస్ కోరిక. కాని సెప్టెంబరులోనే ఆయనను రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ చేసిరి. అచట మలేరియా అరుదు. 1898లో కలకత్తా చేరి, మనుష్యులను విడిచి పిచ్చుకల మలేరియాను చేపట్టెను. ఆ జూలైలో రోగబీజము దోమ లాలాజలగ్రంథిలో చేరుటను చూచి, దోమకాటుచే ఆరోగ్యముగానున్న పిచ్చుకలకు రోగము వచ్చుటను నిరూపించెను. మనుష్యుల విషయమున ఆ నిరూపణమును అదే యేట గ్రాసీ, బిన్యామీ, బాస్టియనెల్లి అను ఇటాలియను పండితులు చేసిరి. ఎవరు ముందన్న వాదము రాస్‌నకును గ్రాసీకిని నడుమ చిరకాలము సాగినది. 1902లో నోబెలు బహుమానము రాస్‌నకు వచ్చెను.

ఇక గణితము మాట. దోమయే కారణమైనచో దోమలను తగ్గించిన చాలునని రాస్ వాదించెను. ఊరిలో ఒక్క దోమయైనను మిగులకుండ చంపుట ఎవరి తరమని విరోధులు నవ్విరి. 1902లో లాహోరు చెంతనున్న మియాన్‌మీరు దండులో దోమలను తగ్గింపజూచిన ప్రయత్నము ఫలింపలేదని కొందరు తేల్చిరి. ఒక ఊరి అనుభవమునకు మరియొక ఊరి అనుభవము ఎదురు నిలిచినపుడు, ఒట్టి వృత్తాంతములతో వాదము తెగదు. అపుడు రాస్ మదరాసులో నేర్చిన గణితమును బయటికి తీసెను. 1908లో మారిషస్ ద్వీపముపై వ్రాసిన నివేదికలోను, 1910లో ప్రకటించిన మలేరియా నివారణ గ్రంథములోను సమీకరణములు చేర్చెను. 1916, 1917 సంవత్సరములలో హిల్డా హడ్సన్ అను గణితవిదుషితో కలసి ఆ శాస్త్రమును విస్తరించెను.

ఆ పద్ధతిని మన ఊరిమీదనే పరీక్షింతము. చెరకునకును, 2015లో మూతపడిన చక్కెర కర్మాగారమునకును పేరుపడిన ముత్యంపేట వంటి గ్రామమొకటి అనుకొందము. లెక్క సుళువుకొరకు జనసంఖ్య 1,000. వారిలో ఒక్కనికే మలేరియా. నెలకు 48,000 మలేరియా దోమలు. వానిలో నాల్గవ వంతు మాత్రమే మనిషిని కుట్టగలుగుననుకొందము, అవి 12,000. వేయిమందికి పండ్రెండువేలు గాన రోగి వంతు 12. రోగబీజము పక్వమగువరకు బ్రదుకునవి ఆ 12లో మూడవ వంతు, అనగా 4. ఆ నాలుగింటిలో మరల మనిషిని కుట్టగలుగునది నాల్గవ వంతు, అనగా ఒక్కటి. 48,000 దోమలు కలసి నెలలో చేయగలిగినది ఒక్క క్రొత్తరోగిని! రాస్ ఇట్టి అంకెలతోనే లెక్క వేసెను.

రోగి నెలదినములలో కోలుకొనుననుకొందము. ఒకడు కోలుకొనగా ఒకడు పడుచున్నాడు. రోగము ఊరిలో నిలిచియుండును. దోమలు 96,000 అయినచో ఒకడు ఇద్దరగును, ఇద్దరు నలుగురగుదురు. దోమలు 24,000కు దిగినచో? పదునారుగురు రోగులున్న ఊరిలో మరునెలకు 8 మంది, పిదప నలుగురు, పిదప ఇద్దరు, తుదకు ఒక్కడు. దోమలు ఇంకను ఇరువది నాలుగువేలు ఎగురుచునే యుండును; రోగము మాత్రము అంతరించును. ఒక హద్దు కలదు. ఆ హద్దునకు దిగువను నిలిపిన చాలును, అన్నిటిని చంపనక్కరలేదు. భాగాహారము తెలిసిన బాలునకును ఈ మాట బోధపడును. కాని అంతవరకు వైద్యులు ఎందరో ఆ హద్దును ఊహింపలేకపోయిరి.

ఈ విత్తనము పెద్ద వృక్షమైనది. 1901లో రాస్ వెంట సియెర్రా లియోన్ వెళ్ళిన మెక్‌కెండ్రిక్ అను వైద్యుడు, కెర్మాక్ అను శాస్త్రజ్ఞునితో కలసి 1927లో అంటువ్యాధుల గణితమునకు మూలమైన వ్యాసము వ్రాసెను. 2020లో కరోనా వ్యాపించినపుడు ఒక రోగి నుండి ఎందరికి సోకునను సంఖ్యను దేశమంతయు ప్రతిదినము చర్చించినది. ఆ ప్రశ్న రాస్ వేసిన ప్రశ్నయే.

లెక్క మరచిన ఏమగునో మన దేశమే అనుభవించినది. 1953లో మలేరియా నియంత్రణ పథకమును, 1958లో నిర్మూలన పథకమును ఆరంభించితిమి. 1965 నాటికి దేశములో నమోదైన రోగుల సంఖ్య సుమారు లక్షకు దిగినది. జయించితిమని పలువురు తలచిరి. కొన్ని దోమలు డి.డి.టి.కి లొంగకుండుటయు, మందుల కొరతయు, ఇల్లిల్లు తిరిగి జ్వరములు నమోదు చేయు పనిలో అశ్రద్ధయు తోడైనవి. 1976లో రోగులు 64 లక్షలు దాటిరి. వ్రాయవలసిన చీటీ వ్రాయకుండుటయు, వేయవలసిన లెక్క వేయకుండుటయు ఎంత ప్రాణాంతకములో ఇంతకన్న వేరు నిదర్శనమక్కరలేదు.

నేడు మన యువవైద్యులును, యంత్రశాస్త్రజ్ఞులును క్రొత్త వైద్యపరికరములను గూర్చి వృత్తాంతములు వ్రాయుచున్నారు. 1990 దశకమున హైదరాబాదులో డాక్టరు సోమరాజు, అబ్దుల్ కలాం కలసి తక్కువ ఖరీదుగల గుండె స్టెంటును రూపొందించిన నాటినుండి ఇట్టి కృషి మన నగరమునకు క్రొత్తది కాదు. వారికి రాస్ వ్యాసము మంచి గురువు. పరికరము పనిచేసిన దినమునే కాక చేయని దినమును వ్రాయవలెను. పగిలిన కటకమును దాచరాదు. ఇద్దరు రోగులను చూచి ఇన్నూరుగురి మాట చెప్పరాదు. ఒక్క విషయమున మాత్రము రాస్‌ను అనుసరింపరాదు: నేటి వైద్యధర్మమున రోగి అనుమతి లేనిదే ఆతని పేరు బయటపెట్టరాదు.

గణితవిద్యార్థికిని ఇందు పాఠము కలదు. సూత్రమును వల్లించిన చాలదు. 48,000 నుండి ఒకటి వచ్చువరకు ఒక్కొక్క మెట్టును తన చేతితో దిగవలెను. ఏ మెట్టున ఏమి అనుకొంటిమో ప్రక్కన వ్రాసికొనవలెను. ఒక అంకె మార్చిన ఫలితమెట్లు మారునో చూడవలెను. అపుడే గణితము పలకపై గీతలు కాక, ఊరిని చూచు కన్ను అగును. అక్కరకు ఎన్నడు వచ్చునో తెలియదని మానరాదు, రాస్‌నకును తెలియదు.

రాస్ పేర బేగంపేటలో పరాన్నజీవుల పరిశోధనకై ఒక సంస్థ వెలసినది. ఆగస్టు 20వ తేదీని లోకము దోమల దినముగా పాటించుచున్నది. ఆ దినమున రాస్‌ను తలచువారు హుసేన్ ఖానును కూడ తలచుట న్యాయము. ఆతడెవరో, ఏ ఊరివాడో, పిదప ఏమయ్యెనో మనకు చేరలేదు. వణకుచున్న చేతిని దోమలకు చాపి పది అణాలు పుచ్చుకొనెనను మాట చేరినది. అదియు ఒకడు చూచినది చూచినట్లు వ్రాసిపెట్టినందుననే.