దూబగుంట స్త్రీల నిరాకరణము

వలదను మాట ఇంటిలో ఒంటరిగా పలికిన స్త్రీకి దెబ్బలు తెచ్చిపెట్టుటయు, ఆ మాటయే నలుగురితో కూడి వీథిలో పలికినప్పుడు ప్రభుత్వపు వేలమును సైతము నిలిపివేయుటయు నెల్లూరు జిల్లా చరిత్రయందు స్వల్పకాలములోనే ప్రత్యక్షమైన విషయములు.

ఏటేటా జరుగు సారా వేలంపాటలలో అమ్మకపు హక్కును దక్కించుకొన్న గుత్తదారు, కట్టిన సొమ్మును లాభముతో రాబట్టుకొనుటకై సరకును ఊరూరికిని చేర్చుచుండెను. 1980వ దశకమున వారుణివాహిని యను పేర ప్రభుత్వమే సారాను పాకెట్లలో సరఫరా చేయనారంభించిన పిమ్మట, తాగువాడు అంగడికి పోవు శ్రమ తప్పి, అంగడియే అతని గడపకు వచ్చెను. పగటి కూలి సాయంకాలమునకే సారాపాలగుచుండగా, ఇదేమని యడిగిన ఇల్లాలికి తరచుగా చేయియే సమాధానము చెప్పుచుండెను.

ఇట్టి కాలమున, 1991 ప్రాంతమున, అక్షరాస్యతోద్యమము జిల్లాలో ప్రవేశించెను. కూలిపనియు వంటయు ముగించుకొని రాత్రిబడికి వచ్చిన స్త్రీలు వాచకమున సీతమ్మ యను స్త్రీ కథను చదివి, అందలి కష్టము తమదేయని గుర్తించిరి. ఇంటిగుట్టని ఎవరికివారు దాచుకొన్నది వాడంతటి గోడేయని ఆ బడియందే మొదటిసారి తెలిసికొనిరి. ఆ జిల్లాలోని దూబగుంట గ్రామమున వర్ధినేని రోశమ్మ మొదలగువారు పూనుకొని సారాను ఊరికి రానీయక అడ్డగించిరి. అనంతరము వారి వృత్తాంతమే ‘ఆడవాళ్లు ఏకమైతే’ యను పాఠమై పుస్తకమున కెక్కగా, దానిని చదివిన పొరుగూళ్ల స్త్రీలు చీపుళ్లును కారపుపొడియు చేతబూని సారా అంగళ్లపైకి నడచిరి.

వీరి వివేకము విశేషించి కానవచ్చునది నిరాకరణమునకు తగిన తావు నెన్నుకొనుటయందు. మగని బతిమాలుట మాని అంగడిని మూయించిరి. మూసిన అంగడి మరల తెరచుకొనుటకు మూలము వేలమని గ్రహించి, 1992లో సారా పాటలు జరుగనీయక పలుమారులు వాయిదా వేయించిరి. ఖజానాకు రాబడి తెచ్చు ద్వారమునొద్దనే వలదని నిలిచినవారిని పాలకులు ఉపేక్షింపజాలకపోయిరి.

1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోను, అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిషిద్ధమయ్యెను. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధము అమలునకు వచ్చి, 1997లో సడలిపోయెను. సారాపై నిషేధము మాత్రము నిలిచెను. ఈలోగా జిల్లా స్త్రీలు దినమునకొక రూపాయి చొప్పున కూడబెట్టుచు పొదుపులక్ష్మి సంఘములను కట్టుకొనిరి. మద్యనిషేధము ప్రభుత్వ మిచ్చినది గనుక ప్రభుత్వమే మరల తీసికొనగలిగెను. సంఘములు వారు రూపాయి రూపాయిగా కట్టుకొన్నవి గనుక వారియొద్దనే యుండెను.