ట్రినిడాడ్ అండ్ టొబాగో: కామారెడ్డి జిల్లా కన్నా కొంచెం పెద్ద దేశం, అందులో ఒక గోల్కొండ

వెస్టిండీస్ అనగానే మన ఇళ్లల్లో గుర్తొచ్చేది క్రికెట్టే. బ్రయాన్ లారా, కీరన్ పొలార్డ్, డ్వేన్ బ్రావో, సునీల్ నరైన్.. ఐపీఎల్ చూసే పిల్లలకు కూడా ఈ పేర్లు కొట్టిన పిండి. ఈ నలుగురూ ఒకే చిన్న దేశం వాళ్లన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఆ దేశమే ట్రినిడాడ్ అండ్ టొబాగో. కరీబియన్ సముద్రానికి దక్షిణ కొసన, వెనిజులా తీరానికి దగ్గర్లో ఉంటుంది. దగ్గరంటే ఎంతో కాదు, ఒకచోట సముద్రం అడ్డం 11 కిలోమీటర్లే.

పేరులో ఉన్నట్టే రెండు దీవులు. పెద్దది ట్రినిడాడ్, చిన్నది టొబాగో. రెండూ కలిపి 5,128 చదరపు కిలోమీటర్లు. ఇందులో టొబాగో వాటా 300 మాత్రమే. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనం 13,28,019. అదే ఏడాది మన దగ్గరా లెక్కలు తీశారు కాబట్టి పోల్చడం సులువు. 2016 అక్టోబర్ 11న నిజామాబాద్ నుంచి విడిపోయి ఏర్పడిన కామారెడ్డి జిల్లా విస్తీర్ణం 3,652 చదరపు కిలోమీటర్లు, 2011 నాటి జనాభా 9,72,625. అంటే ఆ దేశం మొత్తం మన జిల్లాకు ఒకటిన్నర రెట్లు కూడా లేదు. చదరపు కిలోమీటరుకు ఎంతమంది అని చూస్తే అక్కడ సుమారు 259, ఇక్కడ 266. దాదాపు సమానం. పాత ఉమ్మడి నిజామాబాద్ జిల్లా జనాభాలో ఆ దేశం సగమే.

రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్. అధికార భాష ఇంగ్లిష్. నాణెం ట్రినిడాడ్ డాలర్, ఒక అమెరికన్ డాలర్‌కు ఆరున్నర నుంచి ఏడు మధ్యలో వస్తాయి. టైము మనకన్నా తొమ్మిదిన్నర గంటలు వెనక, మన ఇషా నమాజు వేళకు వాళ్లకు ఇంకా పొద్దున.

డబ్బు దగ్గర మాత్రం పోలిక తెగిపోతుంది. తలసరి ఆదాయం 18 వేల అమెరికన్ డాలర్లకు అటూ ఇటూగా ఉంటుంది. మన దేశంది రెండున్నర వేల దగ్గర ఉంది. తేడాకు కారణం నేల కింద ఉన్న చమురు, గ్యాస్. అక్కడ వ్యాపారంగా చమురు తీయడం 1908లోనే మొదలైంది. 1999 నుంచి గ్యాస్‌ను ద్రవంగా మార్చి ఓడల్లో పంపుతున్నారు. పాయింట్ లిసాస్ అనే చోట అమ్మోనియా, మిథనాల్ ఫ్యాక్టరీలున్నాయి. లా బ్రియా దగ్గర సుమారు వంద ఎకరాల తారు చెరువు ఉంది. నిజంగానే చెరువు, కాకపోతే నీళ్లకు బదులు తారు. రోడ్లు వేయడానికి దాన్ని తవ్వి విదేశాలకు అమ్ముతారు.

అయితే ఒకే పంట మీద బతికే రైతుకు ఎంత భయమో, ఒకే సరుకు మీద బతికే దేశానికీ అంతే. గ్యాస్ రేటు పడితే సర్కారు బడ్జెట్ పడుతుంది. నష్టాలు భరించలేక 2018లో ప్రభుత్వ చమురు శుద్ధి కర్మాగారాన్నే మూసేశారు. నేరాలు మరో తలనొప్పి. ఇంత చిన్న దేశంలో 2024 ఒక్క ఏడాదిలో 600కు పైగా హత్యలు జరిగాయి. ఆ డిసెంబర్ చివర్లో ఎమర్జెన్సీ పెట్టాల్సి వచ్చింది. తలసరి ఆదాయం అంకె చూసి స్వర్గమనుకుంటే పొరపాటే.

చక్కెర కోసం తెచ్చిన మనుషులు

1498 జూలై 31న కొలంబస్ ఈ దీవిని చూశాడు. అప్పటి నుంచి స్పెయిన్ చేతిలో ఉంది. 1797లో బ్రిటిష్ వాళ్లు పట్టుకున్నారు, 1802 ఒప్పందంతో అది వాళ్ల పేరున ఖాయమైంది. టొబాగో చాలా చేతులు మారి 1889లో ట్రినిడాడ్‌తో కలిసింది. ఈ కాలమంతా చెరకు, కోకో తోటల్లో వెట్టి చేసింది ఆఫ్రికా నుంచి బంధించి తెచ్చిన బానిసలు. వాళ్లలో ముస్లింలూ ఉన్నారు. 1830ల్లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని మాండింగో ముస్లింలు, జోనస్ మొహమ్మద్ బాత్ అనే పెద్దాయన నాయకత్వంలో, తమను తిరిగి ఆఫ్రికా పంపమని బ్రిటిష్ సర్కారుకు అర్జీ పెట్టుకున్నారు. పంపలేదు.

1834లో బానిసత్వం రద్దయింది, 1838 నాటికి బానిసలు పూర్తిగా విముక్తులయ్యారు. తోటల యజమానులకు కూలీలు కావాలి, అది కూడా తక్కువ కూలీకి. దొరికింది హిందుస్తాన్. 1845 మే 30న ‘ఫతేల్ రజాక్’ అనే ఓడ 225 మందితో పోర్ట్ ఆఫ్ స్పెయిన్ చేరింది. కలకత్తా నుంచి మూడు నెలలకు పైగా సముద్రంలోనే ఉన్నారు. ఓడ పేరును ఫతహ్ అల్ రజాక్ అని చదివితే మనకు అర్థమవుతుంది. ఇప్పుడు ఏటా మే 30న అక్కడ సర్కారు సెలవు, భారతీయులు వచ్చిన రోజు అంటారు.

1917లో ఈ పద్ధతి ఆగేదాకా సుమారు 1 లక్ష 47 వేల మందిని తెచ్చారు. ఎక్కువమంది ఇప్పటి ఉత్తరప్రదేశ్, బిహార్ వాళ్లు. మద్రాసు రేవు నుంచి వెళ్లిన దక్షిణాది వాళ్లు 5 వేల దాకా ఉంటారు, వాళ్లలో తమిళులూ తెలుగువాళ్లూ ఉన్నారు. పక్కనే ఉన్న గయానాకు మద్రాసు నుంచి సుమారు 15 వేల మంది పోయారు. ఫ్రెంచివాళ్ల గ్వాడెలూప్, మార్టినిక్ దీవులకు పుదుచ్చేరి, కారైకాల్ మీదుగా వెళ్లినవాళ్లలోనూ దక్షిణాది వాళ్లే ఎక్కువ. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతం అప్పుడు నిజాం రాజ్యంలో ఉంది, ఓడలు కట్టింది మాత్రం బ్రిటిష్ రేవుల్లో.

తెలుగువాళ్లైనా, తమిళులైనా అక్కడ అందరి పేరూ ‘మద్రాసీ’. భోజ్‌పురి మాట్లాడే పెద్ద గుంపులో కలిసిపోయి ఒకటి రెండు తరాల్లోనే తెలుగు మాట పోయింది. భోజ్‌పురి కూడా తర్వాత నిలవలేదు. మునుస్వామి అనే పేరు ‘మూన్‌సామీ’గా మిగిలింది, అంతే. నానా, నానీ, ఆజా, ఆజీ అనే వరసలు, రోటీ, దాల్ పూరీ మాత్రం ఇంగ్లిష్ మధ్యలోనే బతికాయి. ‘డబుల్స్’ అనే ఆ దేశపు పేరున్న టిఫిన్, అంటే రెండు మెత్తని బరాల మధ్య చనా, 1936లో ప్రిన్సెస్ టౌన్‌లో ఇమాముల్ దీన్, రసూలన్ అనే ముస్లిం దంపతులు మొదలుపెట్టిందని అక్కడ చెప్పుకుంటారు.

ఊర్ల పేర్లు చూస్తే ఇంకా ఆశ్చర్యం. ఫైజాబాద్, బ్యారక్‌పూర్, హిందుస్తాన్. శాన్ ఫెర్నాండో పట్నం దగ్గర గోల్కొండ కూడా ఉంది! మన గోల్కొండ నుంచి వెళ్లినవాళ్లు పెట్టుకున్నారని అనుకోవద్దు. గోల్కొండ వజ్రాల పుణ్యమా అని ఇంగ్లిషులో ఆ మాటకే అంతులేని సంపద అని అర్థం వచ్చేసింది. అక్కడ అది ఒక ఎస్టేటు పేరు.

ఐదేళ్ల కాగితం

కూలీలు వేలిముద్ర వేసిన కాగితాన్ని ఇంగ్లిషులో అగ్రిమెంట్ అంటే, వాళ్ల నోట్లో అది ‘గిర్మిట్’ అయింది. ఐదేళ్లు ఒకే తోటలో పని చేయాలి. ఏడాదికి 280 రోజులు, రోజుకు తొమ్మిది గంటలు. మగవాళ్లకు రోజు కూలీ 25 సెంట్లు. పదేళ్లు ఉంటేనే తిరుగు ప్రయాణానికి సాయం. పాస్ లేకుండా తోట దాటి బయట కనిపిస్తే జైలు. పని తప్పితే అది కూలీ తగాదా కాదు, నేరం. ఊళ్లలో మనుషుల్ని పోగుచేసేవాళ్లను ‘అర్కాటీ’లు అనేవారు. ఎక్కడికి, ఎంత దూరం అనేది సరిగా చెప్పకుండానే చాలామందిని ఓడ ఎక్కించారు.

గల్ఫ్‌కు మనిషిని పంపిన ఇల్లు లేని గల్లీ కామారెడ్డి జిల్లాలో అరుదు. వాళ్లకు ఈ కథ కొత్తగా ఏమీ అనిపించదు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, చెప్పిన పని ఒకటి, ఇచ్చిన పని ఒకటి, ఏజెంట్ ఫోన్ ఎత్తడు. తేడాలూ ఉన్నాయి. ఇప్పుడు ఫోన్ ఉంది, ఎంబసీ ఉంది, నెలనెలా డబ్బు ఇంటికి వస్తుంది. కానీ ఒక విషయం గమనించాలి. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు గల్ఫ్‌కు వెళ్లే ముందు క్లియరెన్స్ ఇచ్చే అధికారి హోదా ‘ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్’. ఆ పేరు కొత్తది కాదు. గిర్మిట్ కూలీల ఓడలు తనిఖీ చేయడానికి 19వ శతాబ్దంలో బ్రిటిష్ వాళ్లు కలకత్తా, మద్రాసు రేవుల్లో పెట్టిన ఉద్యోగమే అది.

తిరుగు ఛార్జీ మిగుల్చుకోవడానికి 1869 నుంచి సర్కారు ఒక బేరం పెట్టింది. వెనక్కి వెళ్లే హక్కు వదులుకుంటే పదెకరాల భూమి. చాలామంది తీసుకున్నారు. వచ్చినవాళ్లలో ముప్పావు వంతు కన్నా ఎక్కువమంది అక్కడే ఉండిపోయారు. కూలీలు కాస్తా చెరకు రైతులయ్యారు.

చెరకు కథ చివర కూడా మనకు తెలిసినట్టే ఉంటుంది. మంజీర మీద 1931కి నిజాంసాగర్ పూర్తయ్యాక ఇక్కడ చెరకు పెరిగింది, 1930ల చివర్లో బోధన్‌లో నిజాం షుగర్స్ నిలబడింది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. అక్కడ సర్కారు చక్కెర కంపెనీ ‘కరోనీ’ని 2003లో మూసేశారు. సుమారు 9 వేల మంది పని పోయింది. పరిహారంతో పాటు రెండెకరాల చొప్పున సాగు భూమి ఇస్తామన్నారు, ఆ ప్లాట్ల కోసం కార్మికులు ఏళ్ల తరబడి తిరిగారు. చక్కెర కోసమే మనుషుల్ని నింపిన దేశం ఇప్పుడు చక్కెర బయట నుంచి కొనుక్కుంటోంది.

మొహర్రం నాడు కాల్పులు

మన ఊళ్లలో పీర్ల పండుగ ఎలా జరుగుతుందో చెప్పక్కర్లేదు. ఆశుర్‌ఖానా ముందు అలావా, తాషా మోత, పీర్లు ఎత్తుకునేవాళ్లలో సగం మంది హిందువులు. ట్రినిడాడ్‌లో కూడా అచ్చం అంతే. ‘హుసేన్, హుసేన్’ అనే కేక అక్కడి నోళ్లలో ‘హోసే’ అయి, పండుగకు అదే పేరు స్థిరపడింది. తాజియాను తాజా అంటారు. కాగితం, వెదురుతో పెద్ద పెద్ద తాజియాలు కడతారు, ఎరుపు, ఆకుపచ్చ చంద్రవంకలు ఎత్తుతారు, చివర్లో సముద్రంలో కలుపుతారు. ఇది షరీయత్ ప్రకారం సరైనదా కాదా అనే వాదన ఇక్కడ ఉన్నట్టే అక్కడా ఉంది.

1884లో యూరప్ బీట్‌రూట్ చక్కెర వల్ల చెరకు చక్కెర ధర పడిపోయింది. తోటల్లో పని పెంచారు, కూలీ పెంచలేదు. తోటల్లో అలజడి మొదలైంది. వేలమంది ఒక్కచోట చేరే మొహర్రం ఊరేగింపు అంటే సర్కారుకు భయం పట్టుకుంది. ఊరేగింపులు పట్నంలోకి రాకూడదని ఆర్డర్ వేసింది. దాన్ని ఎత్తేయమని అర్జీ పెట్టినవాళ్లకు ముందు నిలిచింది సూఖూ అనే హిందూ మేస్త్రీ. అర్జీ చెల్లలేదు.

1884 అక్టోబర్ 30, ఆశూరా రోజు. ఎప్పటిలాగే తాజియాలతో జనం శాన్ ఫెర్నాండో వైపు నడిచారు. పట్నం పొలిమేరలో పోలీసులు, సైనికులు కాపు కాశారు. మేజిస్ట్రేట్ ఇంగ్లిషులో హెచ్చరిక చదివాడు. తాషా మోతలో ఎంతమందికి వినబడిందో, విన్నవాళ్లలో ఎంతమందికి అర్థమైందో. కాల్పులు జరిగాయి. చనిపోయినవాళ్లు 16 మంది అని ఒక లెక్క, 22 అని ఇంకో లెక్క. గాయపడింది వందమందికి పైనే. విచారణకు జమైకా గవర్నర్ సర్ హెన్రీ నార్మన్‌ను వేశారు, ఆయన సర్కారుదే సరి అని తేల్చాడు. హోసే మాత్రం ఆగలేదు. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని సెయింట్ జేమ్స్‌లో, దక్షిణాన సెడ్రోస్‌లో ఇప్పటికీ జరుగుతుంది.

ఇప్పటి ముస్లింలు

2011 లెక్కల్లో భారత మూలాల వాళ్లు 35.4 శాతం, ఆఫ్రికా మూలాల వాళ్లు 34.2 శాతం. హిందువులు 18.2, ముస్లింలు 5 శాతం. ఐదు శాతమే అయినా ఈదుల్ ఫితర్‌కు దేశమంతా సెలవు, దీపావళికీ అంతే. 1930ల నుంచి ఉన్న అంజుమన్ సున్నతుల్ జమాత్ సంస్థ మస్జిద్‌లతో పాటు స్కూళ్లూ నడుపుతోంది. సెయింట్ జోసెఫ్‌లోని పెద్ద మస్జిద్ పేరు జిన్నా మెమోరియల్.

దేశానికి 1962 ఆగస్టు 31న స్వాతంత్ర్యం వచ్చింది. చరిత్రకారుడు ఎరిక్ విలియమ్స్ మొదటి ప్రధాని. ఆయన మంత్రివర్గంలో ముఖ్యుడు కమాలుద్దీన్ మొహమ్మద్, 1947 నుంచి రేడియోలో హిందుస్తానీ పాటల ప్రోగ్రాం నడిపిన మనిషి. 1976లో రిపబ్లిక్ అయింది. 1987 నుంచి 1997 దాకా ప్రెసిడెంట్‌గా ఉన్న జస్టిస్ నూర్ హసనలీ ఆ పదవికి వచ్చిన మొదటి భారత మూలాల వ్యక్తి, మొదటి ముస్లిం కూడా. ఆయన ఉన్నంత కాలం ప్రెసిడెంట్ భవనం విందుల్లో మద్యం పోయలేదు.

ఆయన హయాంలోనే ఒక చేదు ఘటన కూడా జరిగింది. 1990 జూలై 27న ‘జమాత్ అల్ ముస్లిమీన్’ అనే గ్రూపుకు చెందిన 114 మంది తుపాకులతో పార్లమెంటు, టీవీ స్టేషన్ పట్టుకున్నారు. ప్రధాని రాబిన్‌సన్‌ను బందీ చేశారు. ఆరు రోజుల తర్వాత లొంగిపోయారు, అప్పటికి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ గ్రూపు నాయకుడు యాసిన్ అబూబకర్ మాజీ పోలీసు. గిర్మిట్ ముస్లింల పాత జమాత్‌లకు దీనితో సంబంధం లేదు, అయినా ఆ మాట చాలాకాలం వాళ్లు చెప్పుకోవాల్సి వచ్చింది.

హైదరాబాద్‌కు ఈ దేశంతో ఒక తీపి గుర్తు ఉంది. 1971 మార్చిలో వెస్టిండీస్ మీద భారత్ మొట్టమొదటి టెస్టు గెలిచింది పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోనే. గెలిచినప్పుడు గవాస్కర్‌తో పాటు క్రీజులో ఉన్నది మన హైదరాబాదీ సయ్యద్ ఆబిద్ అలీ.

ఇప్పటి ప్రధాని కమలా పర్సాద్ బిసెస్సర్, 2025 మే నుంచి రెండోసారి. అదే ఏడాది జూలైలో అక్కడికి వెళ్లిన ప్రధాని మోదీ, ఆరో తరం దాకా భారత మూలాల వాళ్లకు ఓసీఐ కార్డు ఇస్తామని ప్రకటించారు. దాంతో పాత ఎమిగ్రేషన్ పాసుల విలువ పెరిగింది. ఆ పాసులో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు, ఒంటి మీద మచ్చలు రాసేవారు. రాసిన గుమాస్తాకు ఎలా వినబడితే అలా రాశాడు. ఇప్పుడు మునిమనవలు పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆ వంకర స్పెల్లింగులు పట్టుకుని తమ ఊరు ఏదో వెతుక్కుంటున్నారు.