బైరిడేగయుఁ బందెపుఁ బావురమును

శ్యేనకపోతముల వివాదము మన వాఙ్మయమునఁ జిరపరిచితమైనది. భారతారణ్యపర్వమున నింద్రుఁడు డేగయై, యగ్ని పావురమై, శిబిచక్రవర్తి ధర్మమును బరీక్షించిన కథ పాఠశాలాబాలురకును దెలియును. ఆ కథయందు మనము శిబి త్యాగమునే తఱచుగాఁ బ్రశంసింతుము గాని డేగ చేసిన వాదమునకుఁ దగినంత చెవియొగ్గము. తనకు విధివిహితమైన యాహారమును రాజు హరించుచున్నాఁడనియు, ఒక ప్రాణిని గాచుటకై వేఱొక ప్రాణిని నాఁకటఁ జంపుట ధర్మము గాదనియు నా పక్షి వాదించెను. రాజు తన మాంసమును గోసి యుత్తరమిచ్చెను. ఈ ప్రశ్నకే యొక రాజ్యము శాసనములతో నుత్తరమీయఁ బూనినపుడు జరిగినదేమో చెప్పుట యీ వ్యాసమునకు విషయము. ఆ రాజ్యము బ్రిటను. కాలము 1940 మొదలుకొని యిటీవలి వఱకు.

ముందుగాఁ బక్షుల పేళ్లను గూర్చి కొంత చెప్పవలసియున్నది. శ్యేనశబ్దము గత్యర్థకమగు శ్యైఙ్ ధాతువునకు నుణాదులలోని యినచ్ప్రత్యయము చేరఁగా నిష్పన్నమైనది. ఞప్రత్యయాంతమగు పాతశబ్దము పరమగునపుడు శ్యేనశబ్దమునకు ముమాగమమును విధించి, శ్యైనంపాత యను మృగయానామమును బాణిని సాధించెను. కావున డేగవేఁట యాతని నాఁటికే లోకప్రసిద్ధమై యుండెనని యూహింపవచ్చును. కుమావూఁ ప్రభువగు రుద్రదేవుఁడు శ్యైనికశాస్త్రమని యొక గ్రంథమునే రచింపఁగా, దానిని హరప్రసాదశాస్త్రిగారు 1910లోఁ గలకత్తాలో నచ్చొత్తించిరి. మన వేఁటకాండ్రు బైరి, బైరిడేగ యను పక్షినే యాంగ్లేయులు పెరిగ్రిన్ ఫాల్కన్ అందురు. లాటినున పెరిగ్రినస్ అనఁగా దేశాంతరగామి యని యర్థము. దీనిని గొందఱు గద్ద యని తెలిఁగించుట ప్రమాదము. గద్ద నేలమీఁది కోడిపిల్లను దన్నుకొనిపోవునది. బైరి యట్లుగాక, యెగురుచున్న పక్షినిఁ జాల యెత్తునుండి గంటకు 300 కిలోమీటర్లకు మించిన వేగముతో వ్రాలి, యాకాశముననే కొట్టును. అది పెక్కుచోట్లఁ బావురములనే ప్రధానాహారముగాఁ గొనును.

పందెపుఁ బావురములు తమ గూఁటి కెంతదూరమునుండియైనఁ దిరిగివచ్చు జాతివి. వీని పందెములు 19వ శతాబ్దమున బెల్జియమునఁ బ్రబలి బ్రిటనునకు వ్యాపించెను. గుఱ్ఱపుఁ బందెములు ధనికుల సొత్తు. పావురపుఁ బందెములు దక్షిణవేల్సు బొగ్గుగనులలోని కూలీలకును, ఉత్తరాంగ్లదేశపు శ్రామికులకును బ్రాణప్రదములు. పిల్ల గ్రుడ్డునుండి వెలువడిన దినములలోనే దానికాలికి సంవత్సరమును సంఖ్యయుఁ జెక్కిన యొక కడియమును దొడిగెదరు. కాలు పెరిగిన పిదప నది యూడిరాదు. పక్షులను బుట్టలలో నూఱులకొలఁది మైళ్లు గొనిపోయి యొక్కమాఱుగా విడిచెదరు. ఇల్లు సేరిన వేళను గడియారమున గుర్తించి, నిమిషమున కెన్ని గజములు వచ్చెనో గణించి, గెలుపోటములు నిర్ణయింతురు. ఏండ్లతరబడి వంశక్రమము నెఱిఁగి జతపఱచి, తన చేత మేపిన పక్షి యొక సాయంకాలము రాకయున్నచో, గూఁటికడ నిలిచి మిన్ను చూచువాని దుఃఖ మల్పమైనదని యనఁజాలము. పావురమునకు యజమానుఁడు కలఁడు, డేగకు లేఁడు. ఈ వివాదమునకు మూలమిదియే.

రెండవ ప్రపంచసంగ్రామమున నీ వివాదము రాజ్యకార్యమయ్యెను. నాఁటి విమానములు సముద్రమునఁ గూలినపుడు వార్తఁ బంపుట కొక్కొక్కప్పుడు పావురముకంటె వేఱుసాధనము లేకుండెను. పెంపకపుదారులు సుమారు 2 లక్షల పక్షులను బ్రభుత్వమున కొసఁగిరి. 1942 ఫిబ్రవరిలో నార్వేనుండి మరలుచున్న యొక విమానము ఉత్తరసముద్రమునఁ గూలఁగా, అందుండిన వింకీ యను పావురము చమురుతోఁ దడిసిన ఱెక్కలతో 120 మైళ్లెగిరి స్కాట్లండులోని తన గూఁటిని జేరెను. దానివలన వెదకువారికి స్థలము తెలిసి నావికులు రక్షితులైరి. 1943లో నెలకొల్పఁబడిన డికిన్ పతకమును మొట్టమొదట నందిన మూఁడు పక్షులలో నిదియు నొకటి. యుద్ధానంతరము 1946లో మన పొరుగుసీమయగు ఒడిసాలోని పోలీసువారును వార్తాపారావతముల శాఖ నొకదానిని నెలకొల్పిరి.

ఇట్టి పక్షిని డేగ తినుట శత్రువునకుఁ దోడ్పాటుగా నెంచఁబడెను. 1940లో బ్రిటిషు వైమానికమంత్రి యొక యాజ్ఞ వెలువరించెను. ఆ యాజ్ఞ పేరే పెరిగ్రిన్ ఫాల్కనుల విధ్వంసనాజ్ఞ. సముద్రతీరపుఁ గొండచఱియలపై వసించు బైరిడేగలను గాల్చుటకును, గ్రుడ్లను బిల్లలను నాశము చేయుటకును నధికారము పొందినవారు నియమింపఁబడిరి. 1946లో నాజ్ఞ యుపసంహరింపఁబడునప్పటికి సుమారు 600 డేగలు చంపఁబడెను. శిబి తన తొడమాంసముతోఁ దీర్చిన యప్పును రాజ్యము డేగ మాంసముతోఁ దీర్చెనని చెప్పవచ్చును. యుద్ధకాలపు నిర్బంధమును దెలిసినవారు దీనిని నిందింపరు, నేనును నిందింపను.

అయినను ఎనిమిదేండ్లు గడచునప్పటికి రాజ్యము దృష్టి మరలెను. 1954 నాఁటి పక్షిరక్షణశాసనము బైరిడేగను విశేషరక్షణ పొందు పక్షుల పట్టికలోఁ జేర్చెను. నిన్నటివఱకు దేనిని జంపిన దేశసేవయో, నేఁడు దానినే చంపిన నేరము! గనికూలీకి నీ మార్పు దురవగాహముగా నుండుటలో వింతలేదు. 1960 ప్రాంతమున దక్షిణవేల్సుకుఁ జెందిన పావురముల పెంపకపుదారులు ప్రభుత్వమునకు మొఱపెట్టుకొనిరి. శాసనరక్షణము దొరకినపిదప డేగలు మితిమీఱి పెరిగినవనియు, తమ పక్షులు నశించుచున్నవనియు, ఆ రక్షణము తీసివేయవలెననియు వారి కోరిక.

ఇచ్చట నీ చరిత్రము ముఖ్యమైన మలుపు తిరుగుచున్నది. ప్రభుత్వము మొఱను ద్రోసిపుచ్చలేదు, ఆమోదింపనులేదు. డేగలను లెక్కింపుమని ప్రకృతిరక్షణసంస్థ నాజ్ఞాపించెను. ఆ సంస్థ పక్షిశాస్త్రసంఘముచే 1961, 1962 సంవత్సరములలో లెక్క తీయించెను. ఆ పనికి డెరెక్ రాట్‌క్లిఫ్ నాయకుఁడు. లెక్కకుఁ బోయినవారు తరతరములుగా డేగలు వసించిన చఱియలను జూడఁగాఁ బెక్కింట గూళ్లు శూన్యములై యుండెను. దక్షిణాంగ్లదేశమున నా జాతి దాదాపుగా నంతరించెను. ఉన్నచోట్లను గ్రుడ్లు పగిలిపోవుచుండెను. 1963 నాఁటికి డేగల సంఖ్య యుద్ధపూర్వసంఖ్యలో సగముకంటెఁ దక్కువ. డేగలు పెరిగినవను మొఱ డేగలు నశించుచున్నవను సత్యమును వెలికిఁ దెచ్చెను. పురుగు తొలిచిన గీఁతలు దైవికముగా నక్షరమైనట్లు, అనఁగా ఘుణాక్షరన్యాయమున, శత్రువుల ఫిర్యాదే డేగకు సంజీవని యయ్యెను.

కారణ మేమనఁగా: 1940 తరువాతి దశకములలోఁ బైరులకు డి.డి.టి. చల్లుటయు, 1956 మొదలు విత్తనములకు డీల్డ్రిన్ మున్నగు విషములు పట్టించుటయు సాగెను. ఆ గింజలను దిన్న పక్షులను డేగలు తినెను. డీల్డ్రిను పెద్దపక్షులను జంపఁగా, డి.డి.టి. గ్రుడ్డుపెంకును బలుచపఱచెను. ఈ రెండవ సంగతిని రాట్‌క్లిఫ్ 1967లో నిరూపించిన తీరు ప్రశంసాపాత్రము. శాస్త్రశాలలలోను, గ్రుడ్లు దొంగిలించి దాఁచుకొను వినోదుల పెట్టెలలోను నున్న పాత పెంకులను దెచ్చి తూఁచి, 1947 ప్రాంతమునుండి బైరిడేగ గ్రుడ్లపెంకు సుమారు 19 శాతము తేలికయైనదని చూపెను. దొంగసొత్తు సాక్ష్యమిచ్చుట ధర్మశాస్త్రములలోను నరుదు. 1962 మొదలు విత్తనవిషములపై నిరోధములు క్రమముగా వచ్చెను; డేగలును మెల్లఁగా మరల వచ్చెను. 1981 నాఁటి వన్యప్రాణిశాసనము రక్షణమును దృఢపఱచెను. 2014 నాఁటి లెక్కలో 1,769 జంటలు గానవచ్చెను.

డేగ మరల రాఁగా మొఱయు మరల వచ్చెను. ఈసారి డేగలు పెరిగినవనుట సత్యమే. కొందఱు శాసనము నతిక్రమించి, విషము పూసిన బ్రదికియున్న పావురములను డేగల గూళ్లచెంత నెఱగా విడిచిరి. పావురముపైఁ బ్రేమ గలవారు పావురమునే విషపాత్రముగాఁ జేయుట నాకు డేగ చంపుటకంటె ఘోరముగాఁ దోఁచుచున్నది. ప్రభుత్వము నియమించిన సంఘము 2000లో నివేదిక నొసఁగుచు, పోయిన పందెపుఁబావురములలో నధికభాగము డేగలవలనఁ గాక దారితప్పుట, బడలిక, తీఁగెలు మున్నగువానికిఁ దగులుట వలనఁ బోయినవని తేల్చెను. 1997లో ఫ్రాన్సునందలి నాంత్ పురమునుండి విడిచిన 60,000 పైచిలుకు పావురములలోఁ బెక్కు తిరిగిరాలేదు. అన్నిటిని దినుటకు నా దారిలో డేగలు చాలవుగదా. కాని యీ లెక్కలు మొత్తమునకు సంబంధించినవి. డేగ గూఁటికిఁ జేరువనున్న యొకానొక పెంపకపుదారు నష్టము మొత్తములోఁ గానరాదు. వాని మొఱను గొట్టివేయరాదు.

అట్టివాని రక్షణోపాయములు పెక్కు ప్రయత్నింపఁబడెను. పందెపు దారులను డేగ గూళ్లకు దూరముగా మార్చుట, పక్షులను విడుచు వేళను దినదినము మార్చుట, చిన్నడేగలు విజృంభించు దినములలో గూఁటిలోనే యుంచుట, ఱెక్కలపైఁ గన్నులవంటి గుర్తులు వ్రాయుట యందులోనివి. చీనాదేశీయులు తరతరములుగాఁ బావురముల తోఁకలకుఁ జిన్న వేణువులు గట్టి యెగురవేయుదురు. ఆ ధ్వనికి డేగ బెదరునని వారి నమ్మకము. వీనిలో నేదియు డేగను బూర్తిగాఁ దప్పింపఁజాలదు. గుర్తునకు డేగ యలవాటుపడును. దారి మార్చినచో దూరము మాఱి పందెమే మాఱును.

డేగలను లెక్కించువారికి గూళ్ల క్రింద నెముకలతోఁ బాటు పావురముల కాలికడియములును దొరకుచుండును. కడియముపైని సంఖ్యనుబట్టి యజమానునకుఁ దన పక్షి గతిని దెలుపవచ్చును. అది పందెపుదారిలోనే పట్టువడెనో, అంతకుముందే దారితప్పి తిరుగుచుండెనో నిర్ణయింపవచ్చును. మొఱపెట్టినవానికిని మొఱను బరిశీలించినవానికిని నొక్కటే సాక్ష్యమై, యా కడియములు చఱియల పగుళ్లలోనుండి నేఁటికిని నేఱఁబడుచున్నవి.